మానవ హక్కులు, సామాజిక న్యాయం: డెల్టా విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే గోదావరి డెల్టాలోని మా ఊరి గ్రంథాలయంలో డిగ్రీ పిల్లలతో కూర్చుంటాను. నేను వృత్తిరీత్యా వకీలును. బ్యాచ్ మారినా సందేహాలు మాత్రం అవే వస్తున్నాయి. అందుకని వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, కింద జవాబులు పెట్టాను. మీకు ఏది కావాలో అది చదువుకోండి, వరస పాటించక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

మానవ హక్కులు అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్, పరీక్షలో రాసేలా కాదు

వరద తీశాక లంకలో బియ్యం పంచుతారు. అందుకున్నాయన "మహానుభావులు, ఇచ్చారు" అని దణ్ణం పెడితే అది దయ. "జాబితాలో మా ఇల్లెందుకు లేదండీ?" అని నిలబడి అడగగలిగితే అది హక్కు. ఇచ్చేవాడు మంచివాడా కాదా అన్నదానితో హక్కుకి పని లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం బాధితులకు నీడ, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యం విషయాల్లో కనీస ప్రమాణాలు పెట్టమంటుంది. కాబట్టి వరద శిబిరంలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఏదని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ప్రాథమిక హక్కులు, పౌరహక్కులు, మానవ హక్కులు... మూడూ ఒకటేనా?

చుట్టాలే గానీ ఒకటి కాదు. ప్రాథమిక హక్కులు మన రాజ్యాంగం మూడో భాగంలో ఉన్నవి. వాటికి భంగం కలిగితే 32వ అధికరణ కింద సుప్రీంకోర్టుకి, 226 కింద హైకోర్టుకి నేరుగా వెళ్లొచ్చు. మానవ హక్కులు అన్న మాట 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన విశ్వ ప్రకటనతో ప్రపంచమంతా స్థిరపడింది. అందులో 30 అధికరణలున్నాయి. ఇక పౌరహక్కులు అన్న మాటకి తెలుగునాట ఒక ఉద్యమ చరిత్ర ఉంది. ఎన్‌కౌంటర్లు, అక్రమ నిర్బంధాల మీద కన్నబిరాన్, బాలగోపాల్ వంటివాళ్లు పోరాడిన చరిత్ర అది. తర్వాత బాలగోపాల్ పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పాటులో ముందున్నారు. రాజ్యహింస ఒక్కదాన్నే కాకుండా ఉద్యమాల హింసనీ, కులాన్నీ, ఆడవాళ్ల మీద పెత్తనాన్నీ కూడా హక్కుల వాళ్లు ప్రశ్నించాలన్నది ఆయన వాదన. ఈ వాదన అర్థమైతే మిగతా పాఠం సగం వచ్చినట్టే.

సామాజిక న్యాయం అంటే రిజర్వేషన్లే కదా?

కాదు. రిజర్వేషన్ అందులో ఒక పనిముట్టు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మనకి అరుదు. నీళ్లొచ్చాయి, పంట పండింది, నిజమే. అయితే ఆ నీళ్లు పొలం ఉన్నవాడి పొలంలోకి పారాయి. నాట్లేసిన చేతులకి కూలి దక్కిందంతే. అదే కాలువ, అదే నీళ్లు, ఒకరికి మేడా, ఇంకొకరికి కాలువ గట్టు మీద పాకా ఎలా వచ్చాయన్నదే సామాజిక న్యాయం అడిగే ప్రశ్న.

రిజర్వేషన్ల చరిత్రలో మనకీ ఒక వాటా ఉంది. కాలేజీ సీట్లను కులాలవారీగా కేటాయించిన మద్రాసు ప్రభుత్వ జీవోను 1951లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికి గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆ తీర్పు వచ్చాకే మొదటి రాజ్యాంగ సవరణ జరిగి 15(4) అధికరణ చేరింది.

నేను బీకాం. నాకెందుకివన్నీ?

మీ నాన్నగారి కౌలు కాగితం, మీ చెల్లి స్కాలర్‌షిప్పు, మీ పెదనాన్న పింఛను ఏ గ్రూపు వాళ్ల సబ్జెక్టు?

ఏం చదవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

రాజ్యాంగం తెలుగు ప్రతి కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందు పీఠిక చదవండి, ఆ తర్వాత 14, 15, 17, 19, 21, 23 అధికరణలు. రోజుకొకటి చాలు. చదివిన ప్రతి అధికరణకీ మీ ఊళ్లోంచి ఒక ఉదాహరణ పక్కన రాయండి. ఉదాహరణ దొరకలేదంటే అధికరణ ఇంకా అర్థం కాలేదన్నమాట. విశ్వ మానవ హక్కుల ప్రకటన కూడా తెలుగులో ఉంది. గైడ్లు మాత్రం పరీక్ష ముందురోజు దాకా ముట్టుకోకండి.

## ఊరిని చదివేటప్పుడు

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి ఈ అంశం తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. ఆ ప్రాజెక్టుకిచ్చే 180 గంటలు తక్కువేం కాదు. కానీ "మా గ్రామంలో మానవ హక్కులు" అని పేరు పెట్టారంటే చివరికి రాయడానికేమీ మిగలదు. చిన్నది పట్టుకోండి. పేట (దళితవాడ) నుంచి శ్మశానానికి దారి ఉందా, ఉంటే వానాకాలం ఆ పుంతలో పాడె మోయగలరా? కొబ్బరి దింపు కార్మికుడు చెట్టు మీంచి పడితే ఆ ఇంటికి ఎవరేం ఇచ్చారు? మీ వీధిలో కౌలు కార్డున్నవాళ్లెందరు? ఇలాంటి ఒక్క ప్రశ్నకి 180 గంటలూ సరిపోవు.

మా ఊళ్లో అంటరానితనం లేదు మేడమ్. లేనిదాన్ని ఎలా రాస్తాం?

ఎక్కువసార్లు వినే మాట ఇదే. నోటు పుస్తకం పట్టుకుని ఊరంతా ఒకసారి నడిచి రండి. పేట ఊరికి ఏ దిక్కున ఉంది? సిమెంటు రోడ్డు ఎక్కడ ఆగిపోయింది? వాటర్ ట్యాంకు ఎవరి వీధిలో కట్టారు? అద్దెకి ఇల్లడిగితే "మీరేమిట్లండి?" అన్న ప్రశ్న, అంటే మీదే కులమని, ఎన్నో మాటలో వస్తుంది? ఇవేవీ ఎవర్నీ అడగక్కర్లేదు, కంటికే కనపడతాయి.

నా సంగతే చెప్తాను. స్కూల్లో నా పక్కన కూర్చునే స్నేహితురాలు మా ఇంటికి వచ్చేది. మా నాయనమ్మ ఎంతో ప్రేమగా టీ ఇచ్చేది. ఆ గ్లాసు తర్వాత పెరట్లో తులసికోట వెనకాల విడిగా బోర్లించి ఉండేది. ఆ గ్లాసు అక్కడెందుకుందో అడగడానికి నాకు పదేళ్లు పట్టింది. నా స్నేహితురాలికి మొదటిరోజే తెలుసట.

17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని శిక్షించే చట్టం వచ్చింది. దానికి 1976 నుంచి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, వాడుకలో అట్రాసిటీ చట్టం, వచ్చింది. ఇన్ని చట్టాలున్నా 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయమై దళితులను పనుల్లోకి పిలవకుండా సాంఘిక బహిష్కరణ చేశారన్న వార్త రాష్ట్రమంతా మోగింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణని 2015 సవరణ నేరాల జాబితాలోకి స్పష్టంగా తెచ్చింది. కొట్టలేదు, తిట్టలేదు, కూలికి పిలవడం మానేశారంతే అంటారు. చట్టం దృష్టిలో అదీ నేరమే.

పేటలోకి వెళ్తే ఎవరూ సరిగా మాట్లాడట్లేదు. ఏం చేయాలి?

ఎందుకు మాట్లాడాలి? మొదటిసారి నేను 42 ప్రశ్నల ఫారం పట్టుకెళ్లాను. ఓ మామ్మగారు చేపలు తోముతూ, "పోయినేడూ ఎవరో ఇలాగే రాసుకెళ్లారమ్మా. పైపు మాత్రం రాలేదు" అంది. ఫారం సంచీలో పెట్టేశాను.

పగలు వెళ్లకండి, కూలికి పోయి ఉంటారు. సాయంత్రం పొయ్యి వెలిగించే వేళా కాదు, అన్నాలయ్యాక. వయసును బట్టి మామ్మగారూ, బాబాయ్‌గారూ అని పిలవండి. పేటలో అడుగు పెట్టగానే ఏకవచనంలోకి దిగే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. ముందు మీరెవరో, ఎందుకొచ్చారో, ఈ రాతల వల్ల వాళ్లకి ఏదీ ఒరగకపోవచ్చనీ నిజం చెప్పండి. ఇచ్చిన మంచినీళ్లు తాగండి. ఇష్టం లేదంటే లేచి వచ్చేయండి. రాసింది పూర్తయ్యాక తిరిగి వెళ్లి వాళ్లకే చదివి వినిపించండి. తప్పులు దిద్దేది వాళ్లే, మీ ప్రాజెక్టు మాస్టారు కాదు.

రిపోర్టులో పేర్లు, ఫొటోలు పెట్టొచ్చా?

పిల్లల మీద నేరాల విషయంలో, లైంగిక దాడుల విషయంలో బాధితుల్ని గుర్తుపట్టేలా ఏ వివరమూ బయటపెట్టకూడదు. పోక్సో చట్టం, బాలల న్యాయ చట్టం, భారతీయ న్యాయ సంహిత మూడూ దాన్ని నేరమంటాయి. మిగతా సంగతుల్లో అనుమతి తీసుకోండి, అయినా పేరు మార్చండి. చిన్న ఊళ్లో "మిల్లు పక్క వీధి వితంతువు" అని రాస్తే పేరు రాసినట్టే.

కౌలు రైతు కష్టం మానవ హక్కుల కిందికి వస్తుందా?

జీవించే హక్కులో బతుకుతెరువు కూడా ఉందని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన డెల్టాలో సాగు చేసేవాళ్లలో కౌలుదార్లు చాలామంది. మాట మీదే కౌలు, ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా. పంట మునిగినా మక్తా తప్పదు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక పంట విరామం ప్రకటించి ఖరీఫ్ వేయకుండా పొలాలు వదిలేశారు. ఆ వార్తలు తిరగేయండి. ఎవరి గొంతు వినపడుతుందో, ఎవరిది వినపడదో చూడండి.

2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలల ఒప్పందం రాసుకుంటే కార్డిస్తారు. దాంతో పంట రుణం, బీమా, పరిహారం అడగొచ్చు. చిక్కంతా భూయజమాని సంతకం దగ్గరే. "సంతకం పెడితే రేపు భూమి నాదంటాడు" అని ఆసామి భయం. "గట్టిగా అడిగితే వచ్చే ఏడు ఇంకొకరికిస్తాడు" అని కౌలుదారు భయం. ఇద్దరితోనూ మాట్లాడిన ప్రాజెక్టు ఇప్పటిదాకా నాకు ఒక్కటే కనపడింది. అది రాసింది ఆసామి కూతురు.

కాలువ గట్టు మీద ఇళ్లు తీసేస్తున్నారు. ఆక్రమణే కదా, హక్కెక్కడిది?

స్థలం మీద హక్కు లేకపోవచ్చు, మనిషికి మాత్రం ఉంది. 1985 నాటి బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీంకోర్టు ఖాళీ చేయించొద్దనలేదు. నోటీసివ్వకుండా, వాళ్ల మాట వినకుండా చేయించకూడదంది. 2024 నవంబర్‌లో కూల్చివేతల మీద వచ్చిన తీర్పు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. కానీ రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, జలవనరుల మీది ఆక్రమణలకు అది వర్తించదని అందులోనే ఉంది. కాలువ గట్టు ఆ మినహాయింపులోకి వస్తుందని అధికారులు వాదించగలరు. సగం తీర్పు చదివి జనానికి ధైర్యం చెప్పకండి. మొదట ఆ కుటుంబాలకు ఇళ్ల పట్టాలు ఎప్పుడైనా మంజూరయ్యాయా, అయితే స్థలం చూపించారా అన్నది కనుక్కోండి.

రొయ్యల చెరువులొచ్చాక బోరు నీళ్లు ఉప్పగా అయిపోయాయి. ఎవరినడగాలి?

కాలుష్యం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. తీరంలో రొయ్యల సాగు మీద 1996 డిసెంబర్‌లో ఇంకా గట్టి తీర్పు వచ్చింది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చారు. తీరప్రాంత చెరువులకి దాని కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ ఊరి చెరువుకి ఉందా లేదా అన్నది మత్స్యశాఖ ఆఫీసులో సమాచార హక్కు కింద అడగండి. ఆ చెరువుల్లో మీ ఊరి కుర్రాళ్లే మేత చల్లుతుంటారు, అదీ గుర్తుంచుకోండి. వాళ్లని శత్రువుల్ని చేసుకుంటే పని జరగదు.

## ఏదైనా జరిగినప్పుడు

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవట్లేదు

2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లో ఉంది. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదివ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదు స్పీడ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి, రసీదు దాచండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. అత్యాచారాల నిరోధక చట్టం కేసైతే ప్రాథమిక విచారణ పేరుతో ఎఫ్‌ఐఆర్ ఆపకూడదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. బాధ్యత విస్మరించిన అధికారికి 4వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఈ కేసులకి జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి అందులో ఆదాయ పరిమితి లేదు.

మేం చర్చికి వెళ్తాం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం మాకు వర్తించదంటున్నారు, నిజమా?

డెల్టా పేటల్లో ఇది ప్రతి ఇంటి ప్రశ్న. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఎస్సీ హోదా. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ. మతం మారినవారు అత్యాచారాల చట్టం కింద ఫిర్యాదు చేయలేరని 2025లో మన హైకోర్టు ఒక కేసులో తీర్పిచ్చింది. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా సంగతి చూడటానికి కేంద్రం 2022లో ఒక కమిషన్ వేసింది. మతం మారితే ఊళ్లో కులం మారిందా అంటే మారలేదు, అది నా అభిప్రాయం. కోర్టులో మాత్రం అభిప్రాయం పనిచేయదు. కాబట్టి ఇలాంటి కేసులో ముందు వకీలుతో మాట్లాడండి.

మానవ హక్కుల కమిషన్‌కి విద్యార్థి రాయొచ్చా?

ఎవరైనా రాయొచ్చు, బాధితుల తరఫున కూడా. ఫీజు లేదు, తెలుగులో రాసినా చెల్లుతుంది. ఘటన జరిగి ఏడాది దాటితే తీసుకోరు. జాతీయ కమిషన్ 1993 చట్టంతో వచ్చింది. రాష్ట్రానికీ ఒక కమిషన్ ఉంటుంది. రెండూ సిఫార్సు చేయగలవే గానీ శిక్ష వేయలేవు. పళ్లు లేవని తిట్టుకుంటారు గానీ, కమిషన్ నుంచి నోటీసొస్తే ఆఫీసులో ఫైలు కదలడం నేను చాలాసార్లు చూశాను.

సమాచార హక్కు దరఖాస్తుకి ఎంత కట్టాలి?

మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకి రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లరేషన్ కార్డు వాళ్లకి ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు చేయలేదు?" అని అడగకండి. "ఫలానా పనికి ఎంత మంజూరైంది, ఎప్పుడు ఖర్చు చేశారు, రికార్డు నకలివ్వండి" అని అడగండి.

2022లో అమలాపురంలో ఇంటర్నెట్ ఆపేశారు కదా, అది తప్పా?

కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న జరిగిన గొడవలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. తర్వాత రోజుల తరబడి నెట్ లేదు. ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి దాటి వెళ్లిన కుర్రాళ్లని నేనే చూశాను. వదంతులు ఆపడానికి నెట్ ఆపొచ్చు. అయితే ఆ ఉత్తర్వు బయటపెట్టాలి, తాత్కాలికంగా ఉండాలి, అవసరానికి మించకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కశ్మీరు కేసులో చెప్పింది. పరీక్షలో ఇంత రాస్తే చాలు. నన్నడిగితే, అన్నిరోజులు నెట్ లేదని బాధపడ్డ క్లాసులో ఎక్కువమంది ఆ పేరంటే ఎందుకంత మంట అన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు.

అమ్మ గల్ఫ్‌లో ఉంది. పాస్‌పోర్టు యజమాని లాక్కున్నాడు

పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, యజమాని ఉంచుకోవడానికి వీల్లేదు. ముందు అక్కడి భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేయించండి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో మీరు ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టండి. పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, ఏజెంటుకిచ్చిన డబ్బు రుజువులు ఒకచోట ఉంచండి. గల్ఫ్ దేశాలకి ఇంటిపని కోసం 30 ఏళ్లలోపు ఆడవాళ్లకి వలస అనుమతి ఇవ్వరు. ఆపై వయసు వాళ్లయినా 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. విజిట్ వీసా మీద పంపుతానన్న ఏజెంటు మిమ్మల్ని చట్టానికి కనపడకుండా పంపుతున్నాడన్నమాటే.

## ఇల్లు, తర్వాతి సంగతులు

నేను పెద్దకులం వాణ్ణి. నేను మాట్లాడితే నప్పుతుందా?

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం గారు సంస్కరణని తన సొంత సమాజంలోనే మొదలుపెట్టారు. మీరూ మీ ఇంట్లో మొదలుపెట్టొచ్చు. పాలేరుకి అన్నం ఏ పళ్లెంలో పెడుతున్నారు? అక్కకి ఆస్తిలో వాటా ఇచ్చారా, లేక పసుపు కుంకుమ కింద అర ఎకరం రాసి, మిగతాది వద్దని సంతకం పెట్టించుకున్నారా? కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ నుంచే ఉంది, దేశమంతటికీ రావడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది. పేటవాళ్ల తరఫున మాట్లాడక్కర్లేదు, వాళ్లకి నోరుంది. వాళ్లు మాట్లాడేటప్పుడు మనవాళ్లని ఊరుకోబెట్టండి.

ఇంట్లో "మనకెందుకీ గొడవలు" అంటున్నారు

వాళ్ల భయం ఉత్తిది కాదు, కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్లని వాళ్లు చూశారు. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లనని, చెప్పకుండా సంతకాలు పెట్టనని మాటివ్వండి. ఆ మాట మీద నిలబడండి. మొదటి సమాచార హక్కు దరఖాస్తు మీ నాన్నగారి పొలం రికార్డు గురించే వేయండి. ఆ తర్వాత ఆయనే మిమ్మల్ని నలుగురికీ పరిచయం చేస్తారు.

దీంతో ఉద్యోగం వస్తుందా?

నేరుగా అంటే తక్కువ. ఇగ్నోలో మానవ హక్కుల మీద 6 నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది. యూజీసీ నెట్‌లో ఇది ఒక సబ్జెక్టు. జాతీయ కమిషన్ ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది. లాసెట్ రాసి మూడేళ్ల లా చదవొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా చేరితే జీతం రాదు, రోజు భత్యమే. పని మాత్రం అక్కడే వస్తుంది.

ఆదివారం మేమూ రావొచ్చా? ఏం తెచ్చుకోవాలి?

రండి. నోటు పుస్తకం, పెన్ను చాలు. తొమ్మిదిన్నరకి బయల్దేరి నడుస్తాం, బురదలో పాడైనా ఫర్వాలేని చెప్పులు వేసుకోండి.